టూ-స్టెప్పును పరిగెత్తించిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు కూర్చోవడం వచ్చేది కాదు. ఇప్పుడు ఎస్-బాన్ రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే చాలు, స్టుట్‌గార్ట్ దాకా కదలకుండా కళ్లు మూసుకుంటాను. ఈ జర్మనీలోనే ఆకెన్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు మాత్రం నిలబడి తినేదాన్ని, నడుస్తూ చదివేదాన్ని. బస్సుకు ఇంకా నాలుగు నిమిషాలుందని బోర్డు చెబితే ఆ నాలుగు నిమిషాలు ఆగలేక తర్వాతి స్టాపుకు నడక మొదలుపెట్టేదాన్ని (సరిగ్గా రెండు స్టాపుల మధ్య ఉండగా ఆ బస్సు నన్ను దాటుకుంటూ పోయేది, ఒక డ్రైవరు చెయ్యి కూడా ఊపేవాడు). నేనొక్కదాన్నే అలా అని కాదు, మన పిల్లలందరి పరిస్థితీ అదే. ఎవరికి వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికింది, ఎవరి థీసిస్‌ను ఏ కంపెనీ తీసుకుంది, ఎవరికి ఉద్యోగం మీద ఉండిపోయే బ్లూ కార్డు చేతికొచ్చింది అన్నవే మా మాటలు. పొద్దున ఫోను తెరిస్తే వాట్సాప్ గ్రూపులో ఎవరికో ఒకరికి అభినందనల పూలగుత్తులు. పూలగుత్తి కనబడగానే నా కుడికాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టేది. ఇంతకీ నా థీసిస్ ఏమిటంటే, కారు బ్రేకుల్లో పుట్టే వణుకును అణచడం ఎలా అని.

నాతో గది పంచుకున్న అమ్మాయిది హైదరాబాదు, టోలీచౌకీ. మంచం దిగకుండానే ఇల్లంతా ఏలేది కాబట్టి నేను ఆమెను బేగం అని పిలిచేదాన్ని. "కాలు ఊపుడు బంద్ చెయ్యే. నీ కాలు ఊగితే నా మంచం ఊగుతది. నా మంచం ఊగితే నేను చదివింది దిమాగ్‌ల నిలుస్తలేదు" అనేది. ఒకరోజు విసుగొచ్చి, "ఆ చేతులకు, కాళ్లకు ఏదన్న పని పెట్టుకోరాదు? పరేషాన్ చేస్తున్నవ్ నన్ను" అంది. ఆ మాట అన్న వారంలోనే పని దొరికింది. ఊళ్లో ఇంగ్లీషు ఆరాధన జరిగే ఒక చర్చికి వెళ్లేదాన్ని. ఆ ఆదివారం ప్రీతి భోజనం పెట్టుకుని, మన తెలుగువాళ్లం నలుగురం ఒక పాట పాడాం. భీమవరం పక్కన మా ఊరి సంఘంలో పదేళ్లప్పటి నుంచీ కంజిర నాదే గనక, అక్కడ పిల్లల అలమరలో దొరికిన దాన్ని పట్టుకుని శక్తికొలదీ వాయించాను. పాట అయ్యాక తెల్లజుట్టు జర్మన్ ఆవిడ ఒకతె నా దగ్గరికి వచ్చింది. రిటైరైన బడి పంతులమ్మ, ఫిడేలు వాయిస్తుందట. "మా బ్యాండులో ఇనుప ముక్కోణం వాయించేవాడు కూతురి దగ్గర ఉంటానని హాంబుర్గ్ వెళ్లిపోయాడు. గురువారం మా గ్యారేజీకి వస్తావా?" అని అడిగింది. ఏం బ్యాండు, ఏం పాటలు అని అడిగే ఓపిక నాకెక్కడిది? వస్తానన్నాను.

ఆ గ్యారేజీలోనే పెట్టె తాతను మొదటిసారి చూశాను. పొట్టిగా, ఎండిన చింతకాయలా ఉన్నాడు. ఒళ్లో హార్మోనియంలో సగం కూడా లేని పది మీటల అకార్డియన్. ఆ పెట్టెను లాగితే ఒక స్వరం, నొక్కితే ఇంకో స్వరం. పేరు పెట్టి పిలవమన్నాడు. డెబ్బై అయిదేళ్ల మనిషిని పేరు పెట్టి పిలిస్తే మా అమ్మకు భీమవరంలో దగ్గు వస్తుందేమోనని భయపడి ఎదురుగా అంకుల్ అనీ, ఇంటికొచ్చి బేగంతో పెట్టె తాత అనీ అనేదాన్ని. ఆయన నా చేతికి ఒక ముక్కోణపు కడ్డీ ఇచ్చాడు. గడ్డి పోగేసే పనిముట్టు పళ్లను కొలిమిలో వంచి వాళ్ల మేనమామ చేసిందట. కొట్టి చూస్తే, మా బడిలో గంటకు బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క మోగినట్టే మోగింది. "దీన్ని వినేవాళ్ల కోసం కొట్టకూడదు, ఆడేవాళ్ల పాదాల కోసం కొట్టాలి" అన్నాడు. నేను తల ఊపాను. ఆ వయసులో అర్థం కాని ప్రతిదానికీ తల ఊపేదాన్ని.

ఆయన కేజన్ మనిషి. అంటే, ఎప్పుడో ఫ్రాన్సు నుంచి కెనడా చేరి, అక్కణ్ణుంచి తరిమేస్తే అమెరికా దక్షిణాన లూసియానాకు వచ్చిపడ్డ వాళ్ల సంతతి. పాటకూ పాటకూ మధ్య పెట్టె తుడుచుకుంటూ తన బతుకంతా ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. పుట్టింది వరిచేల మధ్యన, నాన్న కౌలు రైతు. కోతలయ్యాక అదే చేలో నీళ్లు పెట్టి రొయ్యల్లాంటివి పెంచేవారట. ఆ మాట వినగానే నా ప్రాణం లేచొచ్చి, మా వైపు చేలన్నీ చెరువులైపోయిన సంగతి చెప్పాను. మీ రొయ్య ఎంతుంటుందంటే మీ రొయ్య ఎంతుంటుందని ఇద్దరం చేతులు చాపి చూపించుకున్నాం (ఇద్దరమూ అబద్ధమే చెప్పాం). ఇంకోరోజు తన బడి గురించి చెప్పాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడేది ఫ్రెంచి. బడిలో నోరుజారి ఆ భాష మాట్లాడితే గింజల మీద మోకాళ్లు వేయించేవారట. నేను మా కాన్వెంటులో తెలుగు మాట్లాడినందుకు మెడలో అట్టముక్క వేలాడేసుకుని రెండు పీరియడ్లు నిలబడిన కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. "అట్ట మీద ఏం రాసుంది?" అని అడిగాడు. "ఇక తెలుగు మాట్లాడను" అని ఉందంటే, "మా చేతా అదే రాయించేవారు, భాషే వేరు" అన్నాడు. నాకు ఆ రోజే ఆయనంటే ఇష్టం మొదలైంది.

పెట్టె వాయించడం కోళ్లగూటి వెనక కూర్చుని, మేనమామ పెట్టె మీదే ఆయనకు తెలియకుండా నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్లకే డాన్సు హాళ్లలో వాయించేవాడు. పసిపిల్లల్ని వెనక గదిలో వరసగా పడుకోబెట్టి తల్లులు ఆటకు వచ్చేవారట. తర్వాత అమెరికా సైన్యంలో చేరాడు, జర్మనీకి పంపారు, ఇక్కడే ఒక హాల్లో వాయిస్తుండగా ఎదురుగా ఆడుతున్న అమ్మాయిని చూసి ఉండిపోయాడు. కేబుళ్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆదివారాలు సంగీతం. "పెళ్లినాడు ఒక్కసారే మా ఆవిడతో డాన్సు చేశాను. తర్వాత అన్ని ఆదివారాలూ ఆవిడ ఎవరెవరితోనో ఆడింది, నేను వాయిస్తూ ఉన్నాను. పెట్టె వాయించేవాడికి చేతులు ఖాళీ ఉండవు కదా" అన్నాడు. ఆవిడ పోయి ఆరేళ్లయింది. రెండు రికార్డులు వేశాడు. మొదటిది అమ్ముడుపోయింది, రెండోది పంతులమ్మ గ్యారేజీలో అట్టపెట్టెల్లో ఉంది (నేను కూర్చునేది వాటి మీదే). ఒకసారి రేడియోలో వాయించాడు, ఒకసారి సొంతూరు వెళ్లి వాయిస్తే అక్కడి కుర్రకారు, మా తాతలు వాయించినట్టుంది అన్నారట. ఆ మాటను ఆయన బిరుదులా దాచుకున్నాడు. ఎందుకంటే ఆయనకు ఒకే ఒక్క గర్వం ఉండేది: ఆయన తాళం జన్మలో మారలేదు. వాళ్ల ఊరివాళ్లు ఎంత నెమ్మదిగా ఆడేవారో అంతే, పాట మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే. గడియారం బదులు ఆయన వాల్ట్జ్ పాట పెట్టుకుని గుడ్డు ఉడకబెట్టుకోవచ్చనేది పంతులమ్మ.

నెలకొక ఆదివారం మధ్యాహ్నం, ఊరికి కాస్త అవతల ఒక చిన్న హాల్లో వాళ్ల డాన్సు ఉండేది. నడిపేది ఒక ఫెరైన్, అంటే సభ్యులూ కమిటీ ఉన్న సంఘం. వచ్చేవాళ్లందరూ పెద్దవాళ్లే, ఏటేటా ఒకరిద్దరు తగ్గుతున్నారు. ఎప్పుడూ ఒకేలా ఉంటోంది, కొత్తవాళ్లు రావడం లేదు, హాలును జుంబా వ్యాయామం క్లాసుకు ఇచ్చేద్దాం అని కమిటీలో మాట మొదలైంది. శరత్కాలంలో జరిగే డాన్సు చూసి ఆ రోజే తేల్చేస్తామన్నారు. పెట్టె తాత నాతో ఒకే మాట అన్నాడు, "నెలలో మిగతా రోజులన్నీ నేను మందులు వేసుకునేది ఆ ఒక్క మధ్యాహ్నం కోసం." ఆయన మామూలుగానే చెప్పాడు. ఎలాగైనా నా వంతుగా ఆ హాలును కదిలించి తీరాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం స్టుట్‌గార్ట్ నుంచి నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది, మంగళవారానికి. నాలుగు రోజుల ముందే నా కాలు రైలెక్కేసింది. బేగం నా అవస్థ చూడలేక తనూ హాలుకు వచ్చి, కాఫీ బల్ల పక్కన కుర్చీ వేసుకుంది. మొదటి రెండు పాటలూ బాగానే నడిచాయి. పెట్టె తాత పక్క నుంచి కనుబొమ్మతో నన్ను అదుపులో పెడుతూ వచ్చాడు. హాల్లో పాతికమంది ఉంటారు, చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కాలూ పూల గౌన్లూ, జంటలుగా గుండ్రంగా తిరుగుతున్నారు. ముందు వరుస గోడ దగ్గర కమిటీ అధ్యక్షురాలు చేతులు కట్టుకుని చూస్తోంది. ఆవిడ మొహంలో జుంబా తప్ప ఇంకేమీ కనబడలేదు నాకు. మూడోది టూ-స్టెప్, అంటే జంటలు రెండేసి అడుగులు వేస్తూ ఆడే పాట, పొడుగైంది, అయిదు చరణాలు.

ఇక్కడ మా ఊరి చర్చి సంఘం పద్ధతి కాస్త చెప్పాలి. మా దగ్గర పాట మొదలైన చోట ఉండదు. మొదటి చరణం పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకుని నెమ్మదిగా ఎత్తుకుంటారు. రెండో చరణానికి చప్పట్లు కలుస్తాయి, మూడోదానికి డోలక్ వాడు ముందుకు వంగుతాడు, చివరి చరణం వచ్చేసరికి స్త్రీల సమాజం కార్యదర్శి (మా అమ్మే) కొంగు బిగించి వాయించు వాయించు అన్నట్టు నా వైపు చూస్తుంది. అప్పుడు కంజిర పరుగెత్తకపోతే ఆ పాటలో ప్రాణం లేదని లెక్క. పదిహేనేళ్లు నా చేతులు నేర్చుకున్నది అదొక్కటే. చరణం మారిందంటే వేగం పెరగాలి. అది తప్పనీ, లోకంలో ఎక్కడో పాటను మొదలుపెట్టిన చోటే నిలిపి ఉంచే జనం ఉంటారనీ నా చేతులకు ఎవరూ చెప్పలేదు.

రెండో చరణంలో కొంచెం తోశాను. మూడోదాంట్లో ఇంకాస్త. ఇనుప ముక్కోణం చిన్నదే గానీ దాని మోత ముందు పెట్టె, ఫిడేలు, గిటారు ఏవీ నిలవవు, అందరూ నా వెంట రావాల్సిందే. పంతులమ్మ విల్లు గాల్లో తడబడటం కనిపించింది. నేను దాన్ని ఉత్సాహం అనుకున్నాను. నాలుగో చరణానికి పెద్దవాళ్లు ఆడటం మానేసి పరుగెత్తుతున్నారు. ఒకాయన బూటు ఊడి కాఫీ బల్ల కిందికి పోయింది. ఇంకొకాయన చెవి మిషను తీసి జేబులో వేసుకున్నాడు. బేగం లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతోంది, ఆపవే అని. నేను శెభాష్ అంటోందనుకుని అయిదో చరణంలోకి దూకాను.

అప్పుడు పెట్టె ఆగింది. పాట మధ్యలో ఆయన ఆగిపోవడం అదే మొదటిసారని తర్వాత పంతులమ్మ చెప్పింది. ఇంకో నాలుగు దెబ్బలు నేనొక్కదాన్నే కొట్టాను. హాలంతా రొప్పుతున్న చప్పుడు. పెట్టె తాత నా వైపు తిరిగి, కోపమేమీ లేకుండా, "ఎక్కడికి వెళ్లాలి నువ్వు?" అని అడిగాడు.

"స్టుట్‌గార్ట్‌కి, అంకుల్. మంగళవారం పదింటికి" అన్నాను.

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. వాళ్ల నవ్వులో నాకు వినబడిందల్లా ఆయన ఆదివారాలు పోయిన చప్పుడే. కడ్డీ కింద పెట్టి పారిపోదామనుకున్నాను. ఆయన మాత్రం, "ఇవాళ ఆదివారమే కదా" అని నా చేతిలోంచి కడ్డీ తీసుకుని, "కిందికి దిగి ఒక వాల్ట్జ్ ఆడు. పాదాలు చూసి రా" అన్నాడు. నేను జన్మలో డాన్సు చేయలేదు. మా ఇంట్లో డాన్సు అనే మాటను కూడా గొంతు తగ్గించి అనేవారు. బేగం వైపు చూశాను. "నన్ను చూడకు, నువ్వు చేసిన లొల్లి నువ్వే తెంపుకో" అంది.

ఇంతలో గోడ దగ్గరి అధ్యక్షురాలు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎనభై దాటిన మనిషి, రెండు మోకాళ్లూ డాక్టర్లు పెట్టినవే. "నేను నడిపిస్తాను. తొందరపడకు, నా ఎడమ మోకాలు ఒక క్షణం ఆలోచించుకుని గానీ కదలదు" అంది. పెట్టె ఊపిరి పీల్చుకుంది, ఫిడేలు కలిసింది. ఆవిడ అరచెయ్యి నా వీపు మీద వెచ్చగా ఉంది. ఒకటి, రెండు, మూడు. ప్రతి మూడో అడుగుకూ ఆ ఎడమ మోకాలు నిజంగానే ఆలోచించుకుంది, ప్రతిసారీ పెట్టె తాత పాట ఆ మోకాలికి సరిపడినంత చోటు ఉంచే ముందుకు సాగింది. ఆయన మోకాళ్లనే చూస్తూ వాయిస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది. నా ఒళ్లంతా ఆగింది. కాలు ఊగలేదు, మంగళవారం గుర్తు రాలేదు. ఎందుకో కళ్ల నీళ్లు వచ్చాయి, ఆవిడ చూసి కూడా చూడనట్టు తిప్పింది. తర్వాత మిగిలిన పాటలన్నిటికీ పెట్టె తాత భుజానికి భుజం ఆనించి నిలబడి, ఆయన పెట్టె ఎంత చెబితే అంతే కొట్టాను. (అమ్మకు ఫోనులో, "ఒక పెద్దావిడకి మోకాళ్లు బాలేకపోతే పట్టుకుని నడిపించానమ్మా" అని చెప్పాను. "అదే మరి సేవంటే. నువ్వలాగే ఉండాలి" అంది అమ్మ. అందులో అబద్ధమేముంది?)

ఆ సాయంత్రం కమిటీ వంటగది తలుపు వేసుకుని కూర్చుంది. పెట్టె తాతనూ లోపలికి పిలిచారు. మేం బయట కప్పులు కడిగాం. నేను ప్రతి కప్పూ రెండుసార్లు కడిగాను. ఆయన బయటికి వచ్చి, "ఉంటుంది" అన్నాడు, అంతే. కోటు వేసుకుంటూ, "ఇక నుంచి చివరి పాట నీ ఇష్టం వచ్చినట్టు వాయించు. వాళ్లకు కావాలట" అన్నాడు. అదేమిటంకుల్ అంటే, పెట్టెను సంచిలో పెట్టి చాలా శ్రద్ధగా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

మంగళవారం ఇంటర్వ్యూ అయింది, ఉద్యోగం వచ్చింది, గ్రూపులో నాకూ పూలగుత్తులు వచ్చాయి. ఇంకో నాలుగు ఆదివారాలు వాయించి స్టుట్‌గార్ట్ వెళ్లిపోయాను. తొందరగా వస్తానన్నాను, ఫోను చేస్తూ ఉంటానన్నాను. ఆయన పోయారని పంతులమ్మ మెసేజి పెట్టినప్పుడు ఆఫీసులో కొత్త మోడల్ పరీక్షల వారం. సెలవు అడగవచ్చు. అడగలేదు. నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉన్న సంగతి అది, ఇక్కడ చెప్పకుండా దాటేస్తే మిగతా కథ చెప్పే హక్కు నాకు ఉండదు.

ఇన్నేళ్ల తర్వాత మొన్న ఏదో ఆఫీసు పని మీద ఆకెన్ వెళ్తే, కలిసొచ్చి నెలలో ఆ ఆదివారమే అయింది. హాలు ఉంది. డాన్సు ఉంది. పంతులమ్మ వేరే ఊరు మారిపోయిందట, నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. గడ్డి టోపీ పెట్టుకుని ఇనుప ముక్కోణం వాయిస్తున్నాయన బ్యాంకు ఉద్యోగి. పాటలన్నీ నెమ్మదిగా, పెట్టె తాత తాళంలోనే సాగాయి. చివరి పాట వచ్చింది. రెండో చరణంలో కొంచెం తోశారు, మూడోదాంట్లో ఇంకాస్త, అయిదో చరణానికి హాలంతా కేకలు వేస్తూ పరుగు. నేనూ మొదటి చరణంలోనే దిగాను. నాలుగో చరణం దాకా ఉండలేక, గుండె పట్టుకుని గోడ దగ్గర కుర్చీలో కూలబడ్డాను.

పాట అయ్యాక ఆ బ్యాంకాయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, ఎంతో మర్యాదగా వివరించాడు. "మీకు కొత్త కాబట్టి ఇబ్బందిగా ఉంటుంది. ఇది లూసియానాలో చాలా పాత ఆచారం. చివరి పాటను చరణం చరణానికీ వేగం పెంచి ముగించాలి. మా బ్యాండు పెట్టిన పెద్దాయన స్వయంగా కమిటీకి చెప్పి సమావేశం మినిట్స్‌లో రాయించారు. వాళ్ల అమ్మమ్మ కాలం నుంచీ ఉందట."

జన్మంతా తాళం తప్పని మనిషి, తన వాళ్లు ఎలా ఆడేవారో అలాగే వాయించానన్న ఒక్క గర్వం తప్ప ఇంకేమీ మిగుల్చుకోని మనిషి, ఆ వంటగదిలో కూర్చుని నా తప్పును వాళ్ల అమ్మమ్మ నెత్తిన పెట్టాడన్నమాట. నీళ్లు తాగాను. చెబుదామని నోరు తెరిచాను కూడా. ఆయన టోపీ సర్దుకుంటూ, "మీరు ఏ దేశం నుంచి?" అని అడిగాడు.

"ఆ చివరి పాట వైపు నుంచే" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఇంకో గ్లాసు నీళ్లు తెచ్చిపెట్టి వెళ్లాడు. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. హాలు ఖాళీ చేసి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నా కుర్చీ కోసం ఒకాయన వచ్చి నిలబడేదాకా కూర్చునే ఉన్నాను.